కల్వర్టు దాటని కుక్క

హాతీరాం తండాలో పొద్దున్నే పెనం మీంచి దిగే మొదటి జొన్న రొట్టె కుక్కది. మొగుడిది కాదు, పిల్లలది కాదు, కుక్కదే. ఆ రొట్టెను చేతికివ్వరు, గిన్నెలో పెట్టరు. గడప బయట ఊడ్చిన నేల మీద పెడతారు. కుక్క గడప దాటి లోపలికి రాదు, మనిషి దాని రొట్టె జోలికి పోడు. ఎవరి హద్దు వాళ్ళది. కుక్కకు ఇవ్వాల్సిన మర్యాద ఇంతకు మించి ఏముంటుందని లాలి నమ్మకం. నలభై ఆరేళ్ళు ఆ నమ్మకంతోనే బతికింది. చివరికి ఆ నమ్మకమే ఆమె చెయ్యి కొరికించింది.

లాలి ఇంటి కుక్క పేరు మోతి. ఎర్రటి ఊర కుక్కే, జాతీ గీతీ ఏం లేదు. ఎడమ చెవి సగం అడవిపందికి అప్పజెప్పి వచ్చిన ఘనుడు. లాలి భర్త హరిలాల్‌కు పొద్దుగూకితే చూపు ఆనదు. అడవి అంచు నుంచి ఇరవై మేకల్ని ఇంటికి చేర్చేది పేరుకు హరిలాల్, పనికి మోతి. మేకలు దొడ్లో పడ్డాయో లేదో, అది ఒక్క పరుగున వెళ్ళి తండా బాట భద్రాచలం రోడ్డులో కలిసేచోట కల్వర్టు మీద కూర్చుంటుంది. రోడ్డవతల కేఫ్‌లో పని ముగించుకుని లాలి వచ్చేదాకా అక్కడే. కూనగా ఉన్నప్పుడు లారీ కింద పడబోయి బతికింది. అప్పట్నుంచి చచ్చినా తారు మీద కాలు పెట్టదు.

ఆ కేఫ్ వెంకటరామారావుగారిది. కల్లూరు వైపు మామిడి తోటలున్న ఆసామి. భద్రాద్రి రాముణ్ణి చూసి వెళ్ళే యాత్రికుల కోసం నాలుగేళ్ళ కింద పెట్టాడు. చూసుకునేది కొడుకు సాయికిరణ్. లాలి అక్కడ బల్లలు తుడుస్తుంది, ఎంగిలి పళ్ళాలు తీసి కడుగుతుంది. మిర్చి చేలల్లో వంగి వంగి నడుము విరగ్గొట్టుకున్న మనిషికి నీడపట్టున పని, పైగా ఎర్ర దారంతో పేరు కుట్టిన ఏప్రాన్. సెలవు రోజున ఆ ఏప్రాన్‌ను ఉతికి వాకిట్లో దండెం మీద ఆరేసి, ఎండిపోయినా సాయంత్రం దాకా తీసేది కాదు. వచ్చేపోయేవాళ్ళు చూడాలి మరి. నవ్వకండి. తండాలో అట్లా పేరు కుట్టిన బట్ట తొడిగిన మొదటి ఆడమనిషి ఆమే.

నిరుడు దసరాకు సాయికిరణ్ చెల్లెలు సాయిప్రియ హైదరాబాద్ నుంచి వస్తూ కోకో అనే లాబ్రడార్ కుక్కను వెంట తెచ్చింది. వచ్చిన మూడో రోజుకే కేఫ్ గుమ్మం దగ్గర 'పెంపుడు కుక్కలకు స్వాగతం' అని బోర్డు లేచింది. ఇక చూసుకోండి! శని, ఆదివారాలొస్తే కార్లలోంచి కుక్కలు దిగేవి, కుర్చీలెక్కేవి, ఇడ్లీలు తినేవి. దేంట్లో? మనుషులు తినే పళ్ళాల్లోనే. లాలీ, వంటవాళ్ళూ మాత్రం టీ తాగాలంటే వెనక గ్యాసు బండల దగ్గర నిలబడి తాగాలి. పనివాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే కస్టమర్లకు బాగుండదట. కుక్క కూర్చుంటే బాగుంటుందట.

లాలికి కుక్కల మీద కోపం లేదు. దాని ఆకలి దానిది, అదేం చేస్తుంది? ఒళ్ళు మండేది పళ్ళాల దగ్గరే.

"బాబూ, కుక్కలకు పళ్ళాలు వేరే పెట్టుండ్రి. లేకుంటే గుమ్మం బయట ఆకేసి పెడదం. కడిగేదాన్ని నేనే గద, నాకు తెల్వదా?" అని సాయికిరణ్‌తో రెండుసార్లు అంది.

"వాళ్ళు పిల్లల్లా పెంచుకుంటారు లాలమ్మా. బయట పెడితే ఫీలవుతారు," అని అతను నవ్వేశాడు.

ఈ ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయిప్రియ మళ్ళీ వచ్చింది. కోకో కుర్చీలో కూర్చుని బల్ల మీది పళ్ళెంలో మూతి పెట్టింది. పక్క బల్ల దగ్గర, గుడిలో తలనీలాలిచ్చి వస్తున్న ముసలమ్మ ఒకావిడ ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. కాసేపు చూసి, లాలిని దగ్గరకు పిలిచింది.

"ఏమ్మా, మాకు పెట్టేదీ ఆ పళ్ళాల్లోనేనా?"

లాలికి తల కొట్టేసినట్టయింది. ఏం చెబుతుంది? కాదంటే అబద్ధం, అవునంటే ఆ ముసలామె కడుపులో తిన్నది నిలవదు. కోకో ముందున్న ఇడ్లీలను ఆకులోకి మార్చి గుమ్మం బయట పెడితే ముసలామెకూ తృప్తి, కుక్కకూ కడుపు నిండుతుందనుకుంది. తండాలో ఏ కుక్క ముందూ పళ్ళెం ఉండదు. అందుకే, తింటున్న కుక్క ముందు నుంచి పళ్ళెం తీస్తే ఏమవుతుందో ఆమెకు తెలిసే వీలే లేదు. రోజుకు వంద పళ్ళాలు తీసిన చేత్తోనే ఆ పళ్ళెమూ తీసింది. కోకో గుర్రుమని బొటనవేలి కింద కండ పట్టేసింది.

సాయిప్రియ చటుక్కున లేచి కుక్కను కావలించుకుంది. "భయపడ్డావా నాన్నా? ఏం కాలేదు, ఏం కాలేదు," అని దాని వీపు నిమిరింది. తర్వాత లాలి వైపు తిరిగింది. "తింటుంటే ఎవరైనా ప్లేటు లాగేస్తారా? ఆ మాత్రం మర్యాద తెలీదా?"

ఏప్రాన్ మీద కుట్టిన పేరు రక్తంలో కలిసిపోయింది. కుక్కల మర్యాద తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదనుకున్న మనిషి, చెయ్యి ఏప్రాన్‌కు అదుముకుని ఆ మాట పడింది.

సాయికిరణ్ చెడ్డవాడేం కాదు. సీటుకు మరకలంటకుండా ప్లాస్టిక్ కవరు పరిచి మరీ ఆమెను కారులో కూర్చోబెట్టాడు. దారిలో మెల్లగా చెప్పాడు. "కోకోకి టీకాలన్నీ వేయించాం లాలమ్మా, నీకేం కాదు. కానీ హాస్పిటల్లో మాత్రం తండా దగ్గర ఊర కుక్క కరిచిందని చెప్పు. కేఫ్‌లో అని రాశారనుకో, నాన్న మొత్తం మూసేస్తానంటాడు. నీ పనీ పోతుంది, అందరి పనీ పోతుంది."

దవాఖానాలో నర్సు సంగీత సబ్బుతో గాయం కడిగించి, రిజిస్టర్ తెరిచింది. "ఏ కుక్క? పెంచుకున్నదా, ఊర కుక్కా?"

"ఊర కుక్కనే అమ్మా."

"ఏడ కరిచింది?"

"మా తండా కాడ."

ఊర కుక్క అంటే ఏ కుక్కా కాదు కదా, పేరు లేని దాని మీద నెడితే ఎవరికి తగులుతుందిలే అనుకుంది లాలి. ఆ అనుకోవడమే ఆమె కొంప ముంచింది.

"నాలుగు సూదులు," అంది సంగీత. "ఇయ్యాల ఒకటి, మూడు దినాలకు ఒకటి, వారానికి ఒకటి, ఇరవై ఎనిమిదో దినాన ఆఖరిది. కరిచిన కుక్క కండ్లవడితే పది దినాలు దాన్ని కనిపెట్టి ఉండు. అది బతికుంటే నీకు రంది లేదు. చచ్చిందనుకో, జల్దీ వచ్చి చెప్పాలె."

మాట ఆ రిజిస్టర్‌లోనే పడి ఉంటే బాగుండేది. మాట ఎక్కడైనా పడి ఉంటుందా? రెండో సూది వేయించుకున్న సాయంత్రమే తండా సర్పంచ్ కోటేష్ ఇంటికొచ్చాడు. వరసకు తమ్ముడు.

"దవాఖానా నుంచి పంచాయతీకి కాయిదం వచ్చింది లాలక్కా. మన ఆడబిడ్డను కుక్క కరిస్తే నేను చూసుకుంట కూసుంటనా? ఎల్లుండి కుక్కలు పట్టెటోళ్ళు వస్తున్రు. మాట్లాడిన."

లాలి కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకుంది. "గిట్లెందుకు తమ్మీ? చిన్న గాటే గద."

"చిన్నదేంది? ఇయ్యాల నిన్ను కరిచింది, రేపు బడికి పోయే పిల్లల్ని కరుస్తది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ పడాల్సిందే."

నిజం నోటి దాకా వచ్చింది. కానీ ఎదురుగా దండెం మీద ఏప్రాన్ వేలాడుతోంది. రక్తం మరక పోవాలని మూడుసార్లు ఉతికింది. దాన్ని చూస్తూ ఆ నిజాన్ని మింగేసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఒక్కటే అడిగింది. "మా మోతిని కూడ పడతరా?"

"మెడల ఏదన్నా కట్టి ఉంటే ముట్టుకోరు. పెంచుకున్నదని తెలుస్తది గద."

కోటేష్ అటు వెళ్ళగానే లాలి పెట్టె తెరిచింది. అత్త పాత లంగాకు అద్దాలు కుట్టిన అంచు ఉంటే చించి, మోతి మెడకు కట్టింది. తండాలో పెళ్ళికూతురు కట్టే గుడ్డ అది. ఇక దీన్ని ఎవడు ముట్టుకుంటాడని ధైర్యం తెచ్చుకుంది. ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే హరిలాల్‌తో, "వాళ్ళు పోయేదాకా మోతిని అడవిల్నే ఉంచు," అని చెప్పి పనికి వెళ్ళింది. హరిలాల్ అట్లాగే చేశాడు. పొద్దు వాలేముందు మేకలు దొడ్లో పడ్డాయి. మోతి తన అలవాటు కొద్దీ కల్వర్టుకు పరుగెత్తింది. వాళ్ళు ఇంకా వెళ్ళలేదు.

ఆరు గంటలకు కేఫ్ బయటికొచ్చిన లాలికి రోడ్డవతల ముందు కుక్కలు పట్టేవాళ్ళ ట్రాలీ కనిపించింది. తర్వాత కల్వర్టు మీద ఎండ పడి మెరుస్తున్న అద్దాలు కనిపించాయి. వచ్చే లారీని కూడా చూడకుండా రోడ్డు దాటింది. మోతి పక్కకు ఒరిగి ఉంది, ఊపిరి లేదు. తొడలో విషం సూది ఇంకా గుచ్చుకునే ఉంది.

"మెడల గుడ్డ కానరాలేదారా మీకు? మీ కండ్లు పోను!" అని అరిచింది.

ట్రాలీ పక్కనున్న ఇద్దరిలో పెద్దవాడు ముఖం చిట్లించాడు. "పేలిక కట్టుంటే పెంచుకున్న కుక్క అంటరా అమ్మా? బెల్టుండాలె, బిల్ల ఉండాలె." తర్వాత ఏమనుకున్నాడో గొంతు తగ్గించాడు. "అయినా గిదేం కుక్కనో. అన్నీ మమ్మల్ని చూసి ఉరికినయ్. ఇది ఉరకనే లేదు. రోడ్డు దిక్కే చూసుకుంట కూసున్నది."

లాలి దాన్ని ట్రాలీ ఎక్కనివ్వలేదు. ఒడిలో ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. మేకల దొడ్డి పక్కన గొయ్యి తవ్వుతూ హరిలాల్ గడ్డపార ఆపాడు.

"మోతి ఉండంగ తండల ఏ కుక్కన్నా నీ మీదికి వచ్చిందా? నాకు కండ్లే మసక, బుద్ధి కాదు. నిజం చెప్పు. నిన్ను కరిచిందేది?"

లాలి చెప్పేసింది. దాచడానికి ఇంకేం మిగిలిందని? హరిలాల్ కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గీ ముక్క కోటేష్ వచ్చిన నాడు చెప్పకపోతివా," అన్నాడు. మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.

తెల్లారి మొదటి రొట్టె తీసుకుని గడప దాకా వచ్చాక గానీ లాలికి గుర్తు రాలేదు. పక్కింటి కుక్కకు వేద్దామన్నా తండాలో కుక్క అన్నది మిగల్లేదు. నేల మీద పెట్టిన రొట్టెను కాకులు చీల్చుకుపోయాయి. ఆ సాయంత్రం హరిలాల్ రెండు మేకలు తక్కువగా ఇంటికొచ్చాడు.

ఆదివారం కేఫ్‌లో సాయిప్రియ ఎదురొచ్చింది. "చెయ్యి తగ్గిందా ఆంటీ? కోకో మీకు సారీ చెప్తాడట," అంటూ దాని ముందుకాలు ఎత్తి పట్టుకుంది, రెండో చేతిలో ఫోన్ పెట్టుకుని. కోకో తోక ఊపింది. దానికేం తెలుసు, పిచ్చి జీవానికి. లాలి కట్టు కట్టిన చేత్తో ఆ కాలు ముట్టుకుంది, ఫోన్ వైపు చూసింది. తర్వాత పళ్ళెంలో రెండిడ్లీలు పెట్టి తెచ్చి దాని ముందుంచింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా ఏప్రాన్ విప్పలేదు.

మధ్యాహ్నం మూడో సూదికి దవాఖానాకు వెళ్ళింది. సంగీత సూది వేసి, రిజిస్టర్‌లో ఆమె పేరు వెతికి పట్టుకుంది.

"కనిపెట్టమని చెప్పిన గద, ఆ కుక్క ఎట్లున్నది? బతికే ఉన్నదా?"

లాలి సూది వేసిన చోట కొంగు కప్పుకుంది.

"బతికే ఉన్నదమ్మా. మంచిగున్నది. పొద్దుగాల నేనే పెట్టొచ్చిన, పళ్ళెంల."

"అయితే ఇంకేంది, మంచిదాయె. ఇగ నీకేం రంది లేదు," అంటూ సంగీత తలెత్తకుండా రాసుకుంది.