ఓబులాచారి యంత్రపు సుత్తి, నాగిరెడ్డి బోరు

1999 జూన్‌లో నన్ను అనంతపురం నుంచి గుత్తికి బదిలీ చేశారు. హోదా స్టాఫ్ రిపోర్టర్. అంటే పత్రిక నుంచి నెల జీతం తీసుకునే విలేకరి. నా కింద మండలానికొక కంట్రిబ్యూటర్ ఉండేవాడు. వాళ్లకు జీతం లేదు, అచ్చయిన వార్త పొడవును బట్టి పారితోషికం. అందుకే మంత్రి వచ్చినా, మేక తప్పిపోయినా వాళ్ల వార్తలు ఒకే పొడవుండేవి.

బస్టాండు ఎదుట మేడ మీద ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాక్స్ మిషను మా కార్యాలయం. రాసిన వార్తలన్నీ కవర్లో పెట్టి సాయంత్రం బస్సు కండక్టరుకు ఇస్తే, అనంతపురంలో ఆఫీసు మనిషి దిగి తీసుకునేవాడు. ఫ్యాక్స్ అత్యవసర వార్తలకే వాడాలి. కరువు అత్యవసరం కిందికి రాదని అక్కడ వార్తలు దిద్దే డెస్క్ అభిప్రాయం. అది రేపు కూడా ఉంటుంది కదా అనేవారు.

నేను చేరిన మొదటి వారంలోనే ఒక రైతు టిఫిన్ క్యారియర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. పేరు నాగిరెడ్డి. గుత్తికి పడమటనున్న పల్లె; ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. క్యారియర్ నా బల్ల మీద పెట్టి, మూత తీసి, ఇదేమిటో చెప్పమన్నాడు. పాలు అన్నాను.

"కాదు సార్. నిన్న మాపున తోడేసిన పెరుగు ఇది" అన్నాడు.

ఆయన ఫిర్యాదు సారాంశం ఇది. ఆయన ఇంటి పక్కనే ఓబులాచారి కొలిమి ఉంది. ఆచారి ఈమధ్య కరెంటుతో నడిచే పెద్ద సుత్తి ఒకటి తయారుచేసి పెట్టాడు. అది ఒక దెబ్బ వేస్తే నాగిరెడ్డి వంటింట్లో చెంబులు అటక చివరకు నడుచుకుంటూ వస్తాయి. పెరుగు తోడుకోదు. గోడ బీటలిచ్చింది. వాళ్లమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తూ రైలొచ్చిందని మూట సర్దుకుంటోంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి వెనక చేనులో ఉన్న బోరు ఆ అదురుకు కూలిపోతుందేమోనని ఆయన భయం. బోర్లో నీళ్లున్నాయా అని అడిగాను. రెండేళ్లుగా లేవన్నాడు. కానీ ఎండిన బోరైనా బోరే కదా అన్నాడు.

యంత్రానికి విద్యుత్ శాఖ తాత్కాలికంగా కనెక్షన్ ఇచ్చింది. పక్కా సర్వీసు కావాలంటే తమకు అభ్యంతరం లేదని పంచాయతీ రాసివ్వాలి. వచ్చే సోమవారం పంచాయతీ సమావేశం. సర్పంచి నాగిరెడ్డి బామ్మర్దే. దానికి ముందే పత్రికలో పడితే మాట బలంగా ఉంటుందని ఆయన లెక్క. ఒక పక్షం మాట మాత్రమే వార్త కాదనీ, రెండో పక్షాన్నీ అడిగి రాయడం మా పద్ధతి అనీ చెప్పాను. అట్లయితే మా యమ్మనూ అడగమని చెప్పి, క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు ఆ ఊరు వెళ్లాను. కొలిమి అంటే రేకుల పాక. ఒక మూల పాత తిత్తి, చింతమొద్దు మీద ఇనుము పెట్టి కొట్టే పాత దాగలి. నడిమధ్య మనిషి ఎత్తుకు మించి నిలబడిన కొత్త యంత్రం. అందులో కొత్తగా కొన్న వస్తువు ఒక్కటీ లేదు. దీని దాగలి ఒక ఇనుప ఇరుసు, మూతపడిన నూనె మిల్లు నుంచి తెచ్చి నిలువునా నిలబెట్టింది. పైనుంచి దిగే సుత్తి తల రైలు పట్టా ముక్కలు కలిపి బిగించింది. గుత్తి తుక్కు దుకాణాల్లో దొరికినవి. సుత్తిని ఆడించేవి లారీ కమాను పట్టీలు. మోటారు ఎండిపోయిన బావిది. మా జిల్లాలో అలాంటి మోటార్లకు కొదవ లేదు. ఇక చక్రం బదులు పాత జీపు టైరు. కింద మెట్టును కాలితో నొక్కితే మోటారు రోలరు టైరుకు ఆనుతుంది, టైరు తిరుగుతుంది, సుత్తి పడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వరసగా. ఓబులాచారి ఎర్రగా కాలిన కమాను ముక్కను పట్టకారుతో పెట్టి మెట్టు మీద కాలు వేశాడు. నేను రాసుకుంటున్న అక్షరాలు పక్క గీతలోకి పోయాయి.

ఇంతకూ ఈ యంత్రం ఎందుకంటే, దాని జవాబు పాక గుమ్మంలో కూర్చుని ఉంది. ఆచారి భార్య రామలక్ష్మమ్మ. కమ్మరి కొలిమిలో మొగుడు పట్టకారు పట్టుకుంటే భార్య సమ్మెట కొట్టడం ఆ ప్రాంతంలో మామూలే. పెళ్లయినప్పటి నుంచీ ఆమే కొడుతోంది. ఇప్పుడు కుడి భుజం పైకి లేవడం లేదు. ఇక సమ్మెట ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. కూలికి కొట్టే మనుషులు బెంగళూరు పోయారు. యంత్రం ఆగితే కొలిమి ఆర్పెయ్యాలి, లేదా ఆమె మళ్లీ సమ్మెట పట్టాలి. ఆచారికి ఈ రెండూ ఇష్టం లేక ఏడాదిపాటు తుక్కు ఏరుకొచ్చి దీన్ని నిలబెట్టాడు.

పెరుగు సంగతి కదిపాను.

"ఇన్నేండ్లు నేను కొడ్తి సార్" అంది రామలక్ష్మమ్మ. "ఎవురి పెరుగూ చెడిపోలే. ఇప్పుడు మా ఆయప్ప నా మీదికి సవితిని తెచ్చినాడు. దానికి కరెంటు పెడితే సాలు, చీరలడగదు. నోరు మాత్రం పెద్దది."

పునాది ఎలా వేశావని ఆచారిని అడిగాను. మూడడుగులు తవ్వగానే బండ తగిలిందట. దేవుడే పునాది పోసిపెట్టాడని సంబరపడి, దాగలిని నేరుగా ఆ బండ మీదే కూర్చోబెట్టాడు. ఆ బండ ఎంతదాకా ఉందో చూశావా అంటే, నాగిరెడ్డి ఇంటి కిందుగా పోయి చేన్లో తేలుతుందని చేయి చాపి చూపించాడు. చూపించాక ఆ చేయి కాసేపు అలాగే ఉంది.

గురువారం నాగిరెడ్డి మళ్లీ వచ్చాడు. ఈసారి క్యారియర్ లేదు. వార్త రాయొద్దన్నాడు.

ఎండిన బోరు మోటారును రోజూ పొద్దున ఒకసారి వేసి చూడటం మా జిల్లా రైతులకు అలవాటు. కొందరు స్నానం చేసి మరీ వేస్తారు. నాగిరెడ్డి ఆ పొద్దున అలాగే వేశాడు. పైపు కాసేపు గాలి కక్కి, తర్వాత నీళ్లు కక్కింది.

"ఆచారి దెబ్బలకు కింద బండ నెర్రెలిచ్చినాది సార్. గంగమ్మ దావ చేసుకుని వచ్చినాది" అన్నాడు. మెట్టు మీద నుంచి కాలు తీయొద్దని ఆచారికి ఎవరైనా చెబితే బాగుంటుందని కూడా అన్నాడు.

నేను మళ్లీ వెళ్లేసరికి పల్లె తీరు మారిపోయింది. నాగిరెడ్డి పొద్దంతా సుత్తి ఆడించమంటున్నాడు. పని లేకుండా ఉత్త దాగలి మీద కొడితే సుత్తి మొగం పగులుతుందని ఆచారి ఒప్పుకోవడం లేదు. అయితే ఇనుము నేనిస్తానని నాగిరెడ్డి బండి చక్రాల కట్లు, అరిగిన నాగలి కర్రులు, బావి గొలుసు, చివరకు ఇంటి ముందరి గేటు తెచ్చి పడేశాడు. ఆచారి పట్టకారు, రెడ్డి ఇనుము, కొడుతూనే ఉన్నారు. రెండు మూడు రోజుల్లో నాగిరెడ్డి ఇంట్లో గడ్డపారలు ఎక్కువయ్యాయి, గేటు లేకుండా పోయింది. వాళ్లమ్మ మూట సర్దుకుని వీధి అరుగు మీదే కూర్చుంది.

నేను అనంతపురంలో భూగర్భ జలాల అధికారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, చుట్టుపక్కల ఏవైనా మోటార్లు ఆగిపోయాయా అని అడిగాడు. విచారిస్తే, పక్క పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అక్కడి బోర్లన్నీ ఆగి ఉన్నాయి. బండ సందుల్లోని నీటిని అందరూ కలిసి తోడితే ఎవరికీ అందదనీ, వాళ్లు ఆపడం వల్ల ఈయనకు ఊరిందనీ, ట్రాన్స్‌ఫార్మర్ బాగయితే మళ్లీ పోతుందనీ అధికారి చెప్పాడు. ఇదే నాగిరెడ్డికి చెబితే, ఆ అధికారి జీతం నీళ్లు లేవని చెప్పేందుకే కదా అన్నాడు.

ఇదంతా వార్తగా రాశాను. నాగిరెడ్డి మాట, ఆచారి మాట, యంత్రం వర్ణన, ఆఖరి పేరాలో అధికారి వివరణ. అధికారి వివరణ ఆఖర్న రావడం మా పత్రికలో ఆచారం. స్థలం చాలకపోతే వార్తను కింది నుంచి కోసుకుంటూ రావడం డెస్క్ ఆచారం. ఆ సాయంత్రం విత్తనాల ప్రకటన ఒకటి ఆలస్యంగా వచ్చిందట. సోమవారం పొద్దున జిల్లా పేజీలో "సుత్తి దెబ్బకు పైకొచ్చిన గంగ" అని శీర్షిక, దాని కింద వార్త, వార్త కింద వివరణ ఉండాల్సిన చోట వేరుశనగ విత్తనాలు.

మధ్యాహ్నానికి కొలిమి ముందు ట్రాక్టర్లు నిలబడ్డాయి. సుత్తిని తమ చేనికి అద్దెకు పంపమని కొందరు. అది ట్రాక్టరుకు ఎక్కదని ఆచారి చెబితే, అయితే ఆ చప్పుడు టేపులో పట్టుకుని బోరు దగ్గర వేస్తే పని జరుగుతుందా అని ఒకాయన అడిగాడు. కాలువ నీళ్లున్న కణేకల్ నుంచి కూడా ఇద్దరు వచ్చారు. మీకెందుకయ్యా అంటే, కాలువ ఎండితే ఉంటుందని అన్నారు. రామలక్ష్మమ్మ వాళ్లందరికీ నీళ్లిచ్చి విసిగి, సవితికి చుట్టాలు ఎక్కువయ్యారని నాతో అంది.

ఆ సాయంత్రమే పంచాయతీ సమావేశం. యంత్రంపై అభ్యంతరం లేదని రాసివ్వాలని నాగిరెడ్డే లేచి ప్రతిపాదించాడు. సర్పంచి తికమకపడ్డాడు.

"పోయిన వారం వద్దంటివే బావా?"

"పోయిన వారం నీళ్లు లేవు" అన్నాడు నాగిరెడ్డి.

తీర్మానం ఏకగ్రీవం. విద్యుత్ శాఖ పక్కా సర్వీసు ఇచ్చింది. మా పత్రిక అధికారి వివరణతో లోపలి పేజీలో సవరణ వేసింది. దాన్ని ఆ ఊళ్లో ఒక్కరు చదివారు. ఆయన కూడా నమ్మలేదు.

జూలైలో పక్క పల్లెకు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. నాగిరెడ్డి బోరు మళ్లీ గాలి కక్కింది. మొదట ఆయన ఆచారి సరిగ్గా కొట్టడం లేదన్నాడు. పక్కన నిలబడి తనే మెట్టు నొక్కాడు. ఆ తర్వాత అటక మీద చెంబులు గుర్తొచ్చాయి. తీర్మానం రద్దు చేయాలని సర్పంచి చేత ప్రత్యేక సమావేశం పెట్టించాడు.

సరిగ్గా అప్పుడే ఆ మండలంలో విత్తనం వేసే వాన పడింది. ఆ వాన పడితే తడి ఆరేలోగా చేను దున్ని వేరుశనగ వేయాలి. ఊరందరి కర్రులకూ ఒక్కసారే మొన కావాలి. రామలక్ష్మమ్మ కొట్టే రోజుల్లో రైతులు కొలిమి దగ్గర వరస కట్టి అదును పోగొట్టుకునేవారట. ఆ ఏడు యంత్రం మీద ఊరి కర్రులన్నీ ఒక్క రోజులో అయిపోయాయి. సమావేశానికి వచ్చినవాళ్లంతా కాళ్లకు బురదతో వచ్చారు.

నాగిరెడ్డి మాట్లాడాక ఎవరూ లేవలేదు. చివరికి ఒక ముసలి రైతు మెల్లగా అడిగాడు. "నీ కర్రులు యాడ కొట్టించినావు నాగన్నా?"

కొత్త మొనలతో నాగిరెడ్డి విత్తే గొర్రు ఆ పొద్దున్నే చేన్లోకి దిగింది.

అయినా అదురు అదురే కదా, దాన్ని ఏం చేస్తావని సర్పంచి ఆచారిని నిలదీశాడు. బండ కన్నా గట్టి పునాది ఎక్కడ తేవాలని ఆచారి చేతులెత్తేశాడు. బయట నిలబడి వింటున్న రామలక్ష్మమ్మ లోపలికి వచ్చింది.

"పాత దాగలి కింద మీ నాయన చింతమొద్దు యేల పెట్టినాడు? సోకుకా?" అంది మొగుణ్ని. "రాయి మీద ఇనుము పెడితే దెబ్బ ఆడ నిలుస్తాదా? ఊరంతా తిరిగొస్తాది. గట్టిది గట్టిది అని యేడాది తిరిగితివి, మెత్తనిది ఒకటి పెట్టాలని తోచల్యా?"

ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అన్నాడు ఆచారి. నువ్వు అడిగితివా అని ఆమె అంది. మరునాడు నాగిరెడ్డి ట్రాక్టరుతోనే ఇరుసును పైకి లాగి, గుంటలో ఇసుక పోసి, చింతమొద్దులు పరిచి, వాటి మీద పాత టైరు ముక్కలు వేసి మళ్లీ నిలబెట్టారు. మొద్దులు నాగిరెడ్డే ఇచ్చాడు. దెబ్బ ఇప్పుడు పాకలోనే ఉండిపోయింది. రామలక్ష్మమ్మ ఆ తర్వాత సమ్మెట పట్టలేదు. 2003లో నేను గుత్తి వదిలేనాటికి యంత్రం నడుస్తూనే ఉంది.

వివరణను ఆఖరి పేరాలో పెట్టడం మాత్రం నేను మానేశాను, రెండో పేరాకు తెచ్చాను. డెస్క్ వాళ్లు దాన్ని శీర్షికకు అడ్డమని అప్పుడప్పుడు అక్కడి నుంచి కూడా తీసేసేవారు. అది వేరే సంగతి. ఈ ఉదంతంలో నాకు పనికొచ్చింది ఇంకొకటి ఉంది. ఒక ఊరు ఒక వస్తువును రానిచ్చే కారణం, దాన్ని ఉంచుకునే కారణం ఒకటి కాకపోవచ్చు. మొదటిదాన్ని సమావేశంలో లేచి చెబుతారు, విలేకరి రాసుకుంటాడు. రెండోదాన్ని ఎవరూ లేచి చెప్పరు. దానికోసం వాన పడ్డాక ఇంకోసారి వెళ్లాలి.