పాము దొరకని గది

ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకోగానే వేపపువ్వు చేదు నాలుక మొదట్లో పట్టుకుంటుంది. అందరికీ అది కొత్త సంవత్సరం రుచి. నాకు మాత్రం మా సుగుణమ్మ టీచరు గుర్తుకొస్తుంది. ఆమె వెనకే, ఏనాడో చచ్చిపోయిన ఒక రాణి కూడా వస్తుంది. ఆ మాటంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. టీచరును చూడనివాళ్లు నవ్వక ఏం చేస్తారు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఆమె రామన్నపేట బడికి చరిత్ర చెప్పడానికి వచ్చింది. పట్నం మనిషి, పెళ్లి కాలేదు, ఒంటరిగా ఇల్లు కిరాయికి తీసుకుంది. ఇంకేముంది, ఊరికి చేతినిండా పని దొరికింది. మొగుడు వదిలేశాడని కొందరు, మొగుణ్ణే వదిలి వచ్చిందని కొందరు. ఆమెతో ఎక్కువ మాట్లాడొద్దని మా అమ్మ రోజూ చెప్పి పంపేది. నేనూ మొదట్లో ఆమెను ఓరకంటనే చూశాను. తీరా చూస్తే, అనుమానించడంలో ఆమె మా ఊరందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

మా పాఠంలో క్లియోపాత్రా గురించి ఉన్నది రెండే ముక్కలు: గొప్ప అందగత్తె, పాము కాటుతో ప్రాణం తీసుకుంది. టీచరు పుస్తకం మూసేసి మిగతాది చెప్పింది. ఆ రాణి వంశంవాళ్లు గ్రీకులు. తరతరాలుగా ఈజిప్టును ఏలినా అక్కడి జనం భాష నేర్వలేదట, ఈమె ఒక్కతే నేర్చుకుందట. నిజాం కాలంలో ఉర్దూ రాక సర్కారు కచేరీల ముందు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డ తండ్రుల పిల్లలం మేము. ఆ రాణి మాకు వెంటనే నచ్చింది. చివరికి రోము సైన్యానికి ఓడి, వాళ్ల కాపలాలో ఉండగానే పోయిందని టీచరు చెప్పి, పాము కరిచినవాళ్లను ఎవరైనా చూశారా అని అడిగింది. గొర్లు కాసే ఇళ్లవాళ్లం, చూడకేం. నేనే లేచి చెప్పాను. కట్టు కట్టి వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే ఆశ ఉన్నట్టు, తెలియకపోతే విషం ఎక్కినట్టు. ఆ తర్వాత రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరాడక కొట్టుకుంటారు.

టీచరు నావైపే చూస్తూ అన్నది: "మరి గీ రాణి సొమ్ములు వెట్టుకొని, మంచం మీద నిమ్మలంగ పన్నట్టే పోయిందట. ఎంబడి ఇద్దరు దాసీలు గూడ పోయిండ్రట. గదిల పాము దొరకలే. తలుపు తీసి జూసింది గెలిచినోని మనుషులు. పాముతోటి ఆమె బొమ్మ జేసి ఊరేగించింది గూడ ఆళ్లే. మనం ఎట్ల నమ్మాలె?"

ఆ వానాకాలంలోనే, హాలియా దిక్కు కాపురముంటున్న మా పెద్దక్కను పాము కరిచిందని కబురొచ్చింది. మేము చేరేసరికి కాష్టం కాలిపోయింది. ఆడపిల్ల పోతే పుట్టింటి చీర కప్పనిదే మా దిక్కు నిప్పు పెట్టరు. మా అమ్మ తెచ్చిన కొత్త చీర చేతిలోనే ఉండగా బూడిద ముందు కూలబడింది. తెల్లారి కొట్టంలోకి పోయి చూస్తే అప్పటికే చచ్చిపోయి ఉందని, విషం పాకిన శవాన్ని ఉంచొద్దన్నారని బావ చెప్పాడు.

దినాల నాడు పెద్దమనుషులు మాట కదిపారు. అక్కకు పాలు తాగే బిడ్డ ఉంది. మా నడిపక్కను బావకే ఇస్తే ఆ పసిదానికి తల్లి దొరుకుతుందన్నారు. బాపు తల వంచుకుని ఒప్పుకున్నాడు. తలుపు వెనక నడిపక్క ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని వణికిపోతోంది. భయంతోనే ముందుకొచ్చి అడిగాను.

"బావా, అక్కకు యాపాకు నమిలిచ్చినవా?"

"నమిలిచ్చిన. చేదు లేదన్నది," అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ.

బాపు మెల్లగా తలెత్తాడు. "సచ్చిపోయినంకనే జూసిన అంటివి గద," అన్నాడు.

బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, పిల్లను ఎత్తుకుని రమ్మని నడిపక్కతో చెప్పాడు. వెనక ఎంతమంది కేకలేసినా తిరిగి చూడలేదు.

బడికి వెళ్లాక ఇదంతా టీచరుకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మొహం మాత్రం ఇంకా గంభీరమైంది. బావ అబద్ధమాడాడని నాకు తెలుసా, అనుమానమా అని అడిగింది. అనుమానమే అన్నాను.

"అయితే అనుమానమనే చెప్పు. దుఃఖంల ఉన్న మనిషి మాట తడబడదా? మీ అక్కను పంపకపోవుడు మంచిదే. గని రాణి మీద ఆళ్లు కత అల్లినట్టు నువ్వు మీ బావ మీద అల్లకు."

నాకు అప్పుడు కోపమొచ్చింది. అక్క పోయిన బాధలో నాకు ఒక దోషి కావాలి, ఈమె ఇవ్వదు. తర్వాత టీచరుకు ఎక్కడికో బదిలీ అయింది. నడిపక్కకు వేరే సంబంధం కుదిరింది. పెద్దక్క బిడ్డ మా ఇంట్లోనే పెరిగింది.

పెళ్లీడుకొచ్చాక ఆ పిల్ల ఒకరోజు, తల్లి ఎట్లా పోయిందని నన్నే అడిగింది. పాము కరిచిందని మీ నాయిన చెప్పిండు, మేము చేరేసరికి అంతా అయిపోయింది, ఆయన రెండు తీర్ల చెప్పిండు అన్నాను. అంతకుమించి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు. పిల్ల నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. పెళ్లికి తండ్రిని పిలవమని మాత్రం తనే అన్నది. ఆయన వచ్చాడు, ముసలివాడైపోయాడు, పందిట్లో ఒక మూల కూర్చున్నాడు. విస్తరి వేసి అన్నం వడ్డించాను. దోషి అనలేకపోయాను. బావా అని కూడా పిలవలేకపోయాను.