అమ్మ మోకాలికి అరగంట సెలవు

దెయ్యాలు, మహిమలు అంటే నవ్వేసే మనిషిని నేను. చిత్తూరు కోర్టులో గుమాస్తాను. సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మను. అమ్మ నొప్పిని కూడా అలాగే నమ్మలేదు.

అమ్మకు డెబ్బై ఏళ్ళు. కుడి మోకాలి చిప్ప మార్చి ఏడాది దాటింది. ఎక్స్‌రే బాగుందన్నారు డాక్టర్లు. ఆమె మాత్రం వాకర్ వదల్లేదు.

"చిప్ప లోపల కాల్చిన సూది పెట్టి తిప్పతా ఉండారు నాయనా" అని ఏడ్చేది.

"అంతా నీ మనసులోనే ఉండాదిమా" అని ఒకసారి కసిరాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నడక బాగైతే తిరుమల మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం మోకాళ్ళ మీదే ఎక్కుతానని ఆపరేషన్‌కు ముందు మొక్కుకుంది. మార్చిన మోకాలు నేలకు ఆనించొద్దని డాక్టర్ అన్నాడు. మొక్కు తీరకే నొప్పి తగ్గలేదని ఆమె పట్టు. ఆ గోల వదిలించుకుందామని ఆమెకు బదులు నేను బయలుదేరాను.

"మొక్కింది నేను. నువ్వెక్కితే సామి ఒప్పుకుంటాడా?" అంది.

ఉదయం పది గంటలకు మోకాళ్ళ పర్వతం మొదటి మెట్టు మీద మోకాళ్ళు ఆనించాను. నాలుగో మెట్టు దగ్గర కుడి మోకాలిలో నొప్పి లేచింది. రాయి ఒత్తిడి కాదు. చిప్ప లోపల, అచ్చం అమ్మ చెప్పినట్టే. ఎడమ మోకాలికి ఏమీ లేదు. ఏడాదిగా ఆమె దీన్నేనా మోస్తున్నది అనుకుని ఏడ్చేశాను.

"ఏమప్పా, మొదటిసారా?" అని పక్కన ఎక్కుతున్న పెద్దాయన భుజం పట్టుకున్నాడు.

చివరి మెట్టు ఎక్కి లేచి నిలబడగానే నొప్పి మాయమైంది. టైం చూశాను. పదిన్నర.

ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య ఎత్తింది. పది దాటాక అమ్మ వాకర్ వదిలేసి పెరట్లోకి నడిచిందట. కరివేపాకు కోసుకొచ్చి, పొయ్యి దగ్గర నిలబడి చారుకు పోపు పెట్టిందట.

"పదిన్నరకి ఉన్నట్టుండి అరిసి గోడ పట్టుకునింది" అంది.

అమ్మ ఫోన్ తీసుకుంది. "అరగంట నాకు నొప్పే లేదు నాయనా" అంది. "నీకు యాడన్నా నొచ్చిందా?"

"లేదుమా" అన్నాను.

నమ్మినట్టు లేదు. "ఇంక నువ్వు ఎక్కొద్దు" అంది.

ఆమెకు చెప్పకుండా మరో మూడుసార్లు వెళ్ళాను. నా మోకాళ్ళు రెండూ దోక్కుపోయాయి, అంతే. ఇంట్లో ఆమె నొప్పి ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఆ అరగంట ఎలా వచ్చిందో నాకు నేటికీ తెలియదు. ఇంకో అరగంట కావాలంటే ఎవరిని అడగాలో అంతకన్నా తెలియదు.