ఆట చివరిదాకా చూడని బార్నీ

బార్నీ గుల్డెన్ బతుకంతా బేస్‌బాల్ జట్లకి మేనేజరుగానే గడిపాడు కానీ, ఒక్క ఆటైనా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. మధ్యలో ఎక్కడో లేచి అంపైరుతో కయ్యానికి దిగుతాడు. అంపైరు గేటు వైపు వేలు చూపిస్తాడు. బార్నీ టోపీ దులుపుకుని ఇంటికి పోతాడు. ఇదీ వరస.

ఇల్లు మైదానం పక్క వీధే. ఆయన భార్య విల్మా వంటింటి కిటికీ తెరిచిపెట్టుకుని కూర్చునేది. జనం హోరు ఓ మోతాదు దాటిందంటే, "వచ్చేస్తున్నాడమ్మా మా ఆయన" అని బంగాళాదుంపలు పొయ్యిమీంచి దించేసేది.

"ఆ అంపైర్లు చల్లగా ఉండాలి. మా వీధిలో వేళకి భోజనం చేసే మగాడు ఈయనొక్కడే" అనేది ఇరుగుపొరుగుతో.

విచిత్రం ఏమిటంటే, ఇంటిదగ్గర బార్నీ పెరట్లో దూరిన కోడిని కూడా గట్టిగా అదిలించలేని మనిషి. మైదానంలో అడుగుపెడితే మాత్రం ఉగ్రనరసింహుడే.

ఈ భాగోతంలో నలిగిపోయేవాడు ఎల్మర్ ప్రీబిష్. జట్టుకి ఉపశిక్షకుడు. బార్నీ గేటు దాటగానే పగ్గాలు ఎల్మర్ చేతిలో పడేవి. ఎల్మర్ హోటల్లో కాఫీ చల్లారిపోయిందని చెప్పడానికి కూడా మొహమాటపడే రకం. ఓడిపోతున్న ఆటని అందుకుని, శ్రద్ధగా ఓడిపోయి, మర్నాడు పత్రికవాళ్లకి సంజాయిషీ చెప్పుకోవడం అతని ఉద్యోగమైపోయింది.

ఆ ఏడు మరీ అన్యాయం. వాళ్ల ఊరు క్లేవిల్, ఇటుకబట్టీలకి పేరు. జట్టు పేరు కూడా 'బట్టీవాళ్లు' అనే. వేసవి మొదట్లో ఓ ఆట ఓడిపోయారు. అది దిష్టి అనుకున్నారు. తరవాత ఓడిపోవడం అలవాటైంది. ఆ తరవాత ఎప్పుడైనా పొరపాటున గెలిస్తే, ఏం చేయాలో తెలియక ఆటగాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవాళ్లు. ఆటగాళ్లు గడ్డానికి వెళ్తే ఊళ్లో మంగలి సగం గీసి ఆపి, "ఇవాళైనా గెలుస్తారా లేదా చెప్పండి, మిగతా సగం తరవాత" అనేవాడు.

జట్టు ఓడేకొద్దీ బార్నీ కయ్యాలు కొత్త పుంతలు తొక్కాయి. ముసలి పిచర్ ఎజ్రా టింబ్లిన్ వేసిన బంతులన్నీ అవతలివాళ్లు గోడ దాటించిన రోజున, బార్నీ వెళ్లి అంపైరు కాళ్లముందు నేలమీద వెల్లకిలా పడుకుని, గుండెలమీద టోపీ పెట్టుకుని, "నాకిక్కడే సమాధి కట్టించండి. ఈ తీర్పు విన్నాక బతకను" అన్నాడు. క్యాచర్ బంతి అందుకోబోయి తన టోపీని అందుకున్న రోజున, బార్నీ రెండో బేస్‌ని, అదే, పరుగెత్తేవాళ్లు తొక్కే ఆ దిండులాంటి సంచీని, నేలలోంచి పీకి చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. విల్మా దాన్ని పక్కింటాయన చేత తిప్పి పంపిస్తూ, "మా ఇంట్లో దిండ్లకి కరువొచ్చిందని ఎవరైనా చెప్పారా?" అని కబురు పెట్టింది. ఊరంతా వారంరోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వింది. క్యాచర్ టోపీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఈ దాడులన్నిటికీ ఎదురు నిలిచేవాడు అంపైర్ హొరేస్ టట్‌హిల్. తుమ్మడానికి కూడా నిటారుగా నిలబడే పెద్దమనిషి. ఆటల్లేని చలికాలంలో పక్క ఊళ్లో కళ్లజోళ్లు అమ్ముకునేవాడు. బార్నీకి అంతకన్నా ఏం కావాలి?

"అయ్యా టట్‌హిల్ గారూ! మీ దుకాణంలో సరుకు మీకు పనికిరాదా, లేక మీరే అరువివ్వనన్నారా మీకు?" అని జనమందరికీ వినబడేలా అరిచేవాడు. టట్‌హిల్ మెడ ఎర్రబడేది. వేలు లేచేది.

ఎల్మర్‌కి ఒక్కటే అంతుబట్టేది కాదు. "తీర్పు తప్పైనప్పుడు పోట్లాడితే అర్థముంది. మొన్న పిల్లాణ్ణి అడిగినా అదే తీర్పు చెప్పేవాడుగా? కిక్కురుమనకుండా కూర్చోవచ్చుగా బార్నీ?" అని అడిగేవాడు.

"నా ఒంట్లో పైత్యం ఎక్కువ ఎల్మర్. మా నాన్నకీ అంతే" అనేవాడు బార్నీ, బూటు లేసు కట్టుకుంటూ.

చివరికి జట్టు యజమాని రెంకెల్‌కి ఓపిక నశించింది. బీరు కాచి అమ్ముకునే ఆయన, పొరుగూరి వ్యాపారుల్ని ఆటకి పిలిచి పరువు పోగొట్టుకున్నాడు. బార్నీని, ఎల్మర్‌ని కూర్చోబెట్టి తేల్చి చెప్పేశాడు.

"ఓడిపొండి, భరిస్తాను. బార్నీ, నువ్వు ఇంకొక్కసారి అంపైరు చేత గెంటించుకున్నావో, ఆ గేటులోంచి మళ్లీ లోపలికి రాకు. ఎల్మర్ మేనేజరవుతాడు."

ఎల్మర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రాత్రి భార్యతో, "బార్నీని కుర్చీకి కట్టేసైనా సరే కూర్చోబెడతాను" అన్నాడు.

శనివారం ఆటకి బట్టీ కూలీలంతా వచ్చారు. ఆ జనంలో హెన్రిక్ స్లోవిన్‌స్కీ కూడా ఉన్నాడు. బట్టీలో మేస్త్రీ. మూడో బేస్ దగ్గర ఆడే లూ కొవాచిక్‌కి కొత్తగా పిల్లనిచ్చిన మామ. "బంతులు పట్టుకుని బతికేవాడికి పిల్లనివ్వడమేంటి?" అని పెళ్లి నాటి నుంచీ గొణుగుతున్న మనిషి, అల్లుడి ఆట చూడ్డానికి రావడం అదే మొదలు.

మామగారిని చూడగానే లూ బంతి సంగతి మరిచి టోపీ సర్దుకోవడంలో పడ్డాడు. నేలమీద దొర్లుకుంటూ, చంటిపిల్లాడు కూడా ఆపేంత నెమ్మదిగా వచ్చిన బంతి అతని కాళ్లమధ్య నుంచి దూరిపోయింది. అవతలి జట్టువాళ్లు ఇద్దరు బేస్‌లన్నీ చుట్టొచ్చి చెరో పరుగూ కొట్టేశారు.

"ఒరేయ్ కొవాచిక్! అవి కాళ్లా, ఊరి పొలిమేరలా?" అని ఒకడు అరిచాడు.

బార్నీ లేవబోయాడు. ఎల్మర్ అతని చొక్కా పట్టుకున్నాడు. బార్నీ కూర్చున్నాడు.

తరవాతి బంతిని లూ పట్టుకున్నాడు. పట్టుకున్న ఆనందంలో మొదటి బేస్ వైపు ఎంత బలంగా విసిరాడంటే, అది అక్కడున్నవాడి తలమీదుగా పోయి, వేరుశెనగలమ్మేవాడి తట్టలో పడింది. పల్లీలు వానలా కురిశాయి. పరుగెత్తినవాడు అవుట్ కాలేదని టట్‌హిల్ తీర్పు చెప్పాడు. జనం లేచి నిలబడ్డారు.

"చేతులా అవి, చిల్లుగరిటెలా?"

"మేస్త్రీ! మీ అల్లుణ్ణి ఇటుకలు మోయించు, అవైతే ఎగరవు!"

స్లోవిన్‌స్కీ టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు. లూ నేల వైపు చూస్తూ నిలబడిపోయాడు. మైదానంలో గొయ్యి ఉంటే దూకేసేవాడే.

ఎల్మర్ చేతిలో చొక్కా గుండీ మిగిలింది. బార్నీ అప్పటికే మైదానం మధ్యలో ఉన్నాడు. ఎల్మర్ వెనకాలే పరుగెత్తాడు. ఇన్నాళ్లలో అతను ఆ కయ్యం దగ్గరికి వెళ్లడం ఇదే మొదటిసారి.

దూరంనుంచి చూస్తే బార్నీ అంపైరు నెత్తురు తాగేస్తున్నట్టే ఉంది. చేతులు గాల్లో తిప్పుతున్నాడు. దుమ్ము తన్నుతున్నాడు. దగ్గరికి వెళ్లేసరికి ఎల్మర్‌కి మాటలు వినబడ్డాయి.

"మీ ఆవిడ మోకాలు ఎలా ఉందండీ?" అంటున్నాడు బార్నీ, పిడికిలి ఆడిస్తూ.

"కాపడం పెడుతున్నాం, నయమే" అన్నాడు టట్‌హిల్, మెడ ఎర్రగా ఉబ్బించి. "నా తీర్పులో తప్పేమైనా ఉందా?"

"రామరామ! బంతి పల్లీల్లో ఉంటే వాడు అవుటెలా అవుతాడు? బంగారంలాంటి తీర్పు. అటు చూడకండి గానీ, ఆ కుర్రాణ్ణి జనం పీక్కుతింటున్నారు. కాసేపు వాళ్లని నన్ను పీక్కుతిననివ్వండి. వేలెత్తండి."

"నీ ఉద్యోగం ఊడుతుందంట కదయ్యా!"

"ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. ఆ పిల్లాడికి మామగారు ఇంకొకరు దొరకరు. కానివ్వండి, చేతులు నొప్పెడుతున్నాయి."

ఎజ్రా, క్యాచర్, ఆ వేసవంతా తప్పులు చేసిన ఒక్కొక్కళ్లూ ఎల్మర్ కళ్లముందు తిరిగారు. ఆ రాత్రుళ్లు ఊళ్లో ఎవరూ వాళ్లని తిట్టుకోలేదు. బార్నీ గురించి నవ్వుకుంటూ ఇళ్లకి పోయారు.

టట్‌హిల్ చెయ్యి లేస్తోంది. అది బార్నీ వైపు తిరిగేలోపు ఎల్మర్ మధ్యలో దూరాడు. తన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. చాలలేదనిపించి బార్నీ టోపీ కూడా లాగి కొట్టాడు.

"గుడ్డి... గుడ్డి... గుడ్లగూబా!" అని అరిచాడు. గొంతు కీచుగా వచ్చింది. "నిన్ను... నీకు... కాఫీ చల్లగా ఇవ్వాలి!"

జనం విరగబడి నవ్వారు. టట్‌హిల్ మీసం కింద పెదవి కొరుక్కుని, గంభీరంగా ఎల్మర్‌కి గేటు చూపించాడు.

బార్నీ తెల్లబోయాడు. "ఎల్మర్! నువ్వు పోతే ఎలా? చివరి ఇన్నింగ్స్‌లో ఏం చేస్తారో నాకు తెలీదు!"

"కూర్చుని చూడు" అన్నాడు ఎల్మర్, నడుస్తూ.

బట్టీవాళ్లు ఆ ఆట ఓడిపోయారు. అందులో వింతేం లేదు. అయితే లూ తరవాత వచ్చిన బంతులన్నీ పట్టుకున్నాడు. ఎల్మర్ వెంట వెళ్లిన జనం చూపులు ఆఖరిదాకా లూ వైపు తిరగనే లేదు మరి. నవ్వి నవ్వి కడుపు పట్టుకున్న రెంకెల్, గెంటించుకున్నది బార్నీ కాదు కాబట్టి తన షరతు వర్తించదన్నాడు.

ఆట అయ్యాక బార్నీ బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి బెంచీమీద కూలబడ్డాడు. ఎల్మర్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఎంత సేపు ఆడతారయ్యా బాబూ! నడుం పడిపోయింది" అని బార్నీ మూలిగాడు. తరవాత గొంతు తగ్గించి, "గుడ్లగూబ ఏమిటి ఎల్మర్? అదేం తిట్టు? రేపొద్దున మా ఇంటికి రా, నేర్పిస్తాను" అన్నాడు.

అంతలో లూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గురూ! మా మామగారు బయట అంపైర్ని తిట్టిపోస్తున్నారు. మా అల్లుడు బంగారంలా విసిరితే ఆ గుడ్డాడు ఒప్పుకోలేదంటున్నారు! రాత్రికి భోజనానికి రమ్మన్నారు కూడా." కాస్త తటపటాయించి అడిగాడు. "ఎల్మర్ గారూ, నిజం చెప్పండి. ఆ తీర్పు తప్పేనా?"

ఎల్మర్ జీవితంలో అబద్ధమాడి ఎరగడు. ఒకసారి బార్నీ వైపు చూశాడు. బార్నీ లేసులు విప్పుకుంటున్నాడు.

"తప్పా? పచ్చి దుర్మార్గం!" అన్నాడు ఎల్మర్, చేతులు గాల్లో తిప్పుతూ.