తాతయ్య బొటనవేలు

నా చిన్నప్పుడు మేము రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. గార్డుగా రిటైరైన మా తాతయ్య విజయనగరం విడిచి ముప్ఫై ఏళ్లయినా ఇంట్లో ఆ యాస పోలేదు. మధ్యలో హిందీ మాత్రం వచ్చి కలిసింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఊళ్లోకి సర్కస్ వచ్చింది. ఆఖరి ఆదివారం తీసుకెళ్తానని తాతయ్య మాటిచ్చారు. పొద్దున్నే నేను రిబ్బన్లు కట్టించుకుని వెళ్తే ఆయన ఇంకా మంచం మీదే ఉన్నారు.

"ఈయేళ నావల్ల కాదమ్మా. కాలు బిల్కుల్ కింద పెట్టనేకపోతన్నాను" అన్నారు.

ముందురోజు సాయంత్రం బజారుదాకా నడిచొచ్చిన మనిషి. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. సాకు చెబుతున్నారనుకున్నాను. ఉక్రోషం ఆగలేదు. నిజమో నటనో తేల్చుకుందామని, పక్కనున్న దుప్పటి తీసి, ఆయన పాదం ఎలా ఉందో చూడకుండానే దాని మీదికి విసిరాను.

ఆయన పెట్టిన కేకకు నాన్న పరుగెత్తుకొచ్చారు. దుప్పటి తొలగిస్తే బొటనవేలి మొదలు ఎర్రగా ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. "ఎవులేసినారిది?" అని నాన్న గద్దించారు. తాతయ్య కళ్లు తుడుచుకుని, "ఎవులూ నేదురా. నేనే కప్పుకోబోయాను" అన్నారు. నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను.

డాక్టరుగారు వచ్చి గౌట్ అని చెప్పారు. రక్తంలో యూరిక్ యాసిడ్ ఏ బాధా తెలియనివ్వకుండా ఏళ్ల తరబడి పెరిగి, సన్నటి పలుకులై కీలులో చేరుతుందట. నొప్పి తగ్గిందంటే జబ్బు పోయినట్టు కాదని మరీ మరీ హెచ్చరించారు. వారం పది రోజులకు వాపు దిగింది. తాతయ్య మామూలుగా నడిచారు, మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది అది మళ్లీ వచ్చింది. ఆ తర్వాత చీలమండకూ మోకాలికీ పాకింది. నేను హైస్కూలుకు వచ్చేసరికి ఆయన చెవి అంచునా, వేళ్ల కణుపుల మీదా శనగగింజలంత గడ్డలు తేలాయి.

సర్కస్ నేను చూడలేదు. అది వెళ్లిపోయాక ఒకరోజు, నాన్నకు నా పేరెందుకు చెప్పలేదని తాతయ్యను అడిగాను.

"నొప్పి పైకి కనపడదు కదే. నీకేటి తెలుసు?" అన్నారు. మళ్లీ ఆయనే, "అడిగుంటే చెప్పీవోడిని" అన్నారు.

తర్వాత నేను రాయ్‌పూర్‌లోనే చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పరీక్షరోజు ఏ పిల్లైనా కడుపునొప్పి అంటే తోటి టీచర్లు నవ్వేవారు. కొందరు నాకూ అబద్ధం చెప్పే ఉంటారు. అయినా ఒక్కర్నీ నిజమేనా అని నిలదీయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఎక్కడమ్మా?" అని అడిగేదాన్ని.