ఉయ్యూరుకి ఎన్ని అక్షరాలు

మా అమ్మాయి కూతురు పటమటలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఉద్యోగం చేసేది. ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్లకు వచ్చే ఆర్డర్లు గోడౌన్ కంప్యూటర్‌కి చేరేలా ప్రోగ్రామ్ రాయడం దాని పని. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. ఆ మూడు నెలల్లో అది ఆఖరి రోజు. నాలుగింటిలోగా తెలుగు ఆర్డర్ ఒక్కటైనా వెళ్తేనే ఉద్యోగం.

పొద్దుటి నుంచీ వెళ్లడం లేదు. ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే వెళ్తోంది, తెలుగులో రాస్తే అవతలి కంప్యూటర్ తిప్పి కొడుతోంది. పిల్ల అన్నం ముట్టలేదు.

"నొక్కిందే నొక్కితే ఏమొస్తుందే? కరెంటు దండగ," అని ఫ్యాన్ కట్టేశాను.

"నీకు దండం పెడతా అమ్మమ్మా, ఫ్యాన్ వెయ్యి!"

వేశాను. మూడో తరగతితో బడి మానేసిన నాకు చేతనైన సాయం అంతే. మజ్జిగ పెట్టాను, తాగలేదు. మూడున్నరకి కూడా అది నొక్కిందే నొక్కుతుంటే, తిట్టబోయి, మానేసి పక్కన కుర్చీ వేసుకున్నాను.

"దాని రోగమేంటో అది చెప్పదా?"

"చెప్తోంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ మధ్యలో ఆగిపోయిందంట. నేను మొత్తం పంపుతున్నా, అక్కడికి తోక లేకుండా చేరుతోంది."

ప్రతి వివరానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టి పంపాలట. ఆఖరి గుర్తు అందకపోతే మొత్తం చెల్లదట. అంతా ఎంత పొడుగో కూడా పైన రాయాలట. నాకు సగమే అర్థమైంది. ఆ తెర మీద నాకు చదవడం వచ్చింది ఒకే ఒక్క మాట. పలక మీద చదివినట్టు పైకే చదివాను.

"ఉ, య్యూ, రు."

"అవెన్ని అక్షరాలు?"

"మూడక్షరాలు. అదీ రాదా నీకు?"

"మూడేంటి, నా ప్రోగ్రామ్ ఏడంటోంది!"

వత్తుల్నీ కొమ్ముల్నీ విడివిడిగా లెక్కపెడుతుందట. పిల్ల ఇంకేదో నొక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పంపేటప్పుడు ఇంగ్లీషు అక్షరానికి ఒక చోటు చాలట, తెలుగులో ఒక్కోదానికి మూడేసి కావాలట. మొత్తం ఇరవై ఒకటి.

"పొడుగు రాసేచోట అక్షరాలు లెక్కేశానమ్మమ్మా! చోటు లెక్కెయ్యాలి. నేను రాసిన పొడుగుదాకే అవతలిది చదివి, మిగతాది వదిలేస్తోంది."

ఒక్క వరుస మార్చింది. తడబడి తప్పు కొట్టి, మళ్లీ దిద్దింది. పంపింది. అందిందని జవాబు వచ్చింది. గడియారం చూశాను. నాలుగూ పది.

ఆఫీసుకి ఫోన్ చేసింది. "అందిందండీ సార్... ఇప్పుడేనండీ... అవునండీ, పది నిమిషాలే కదండీ... సరేనండీ."

"నాలుక్కే ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారంట," అంది నాతో.

ఫ్యాన్ కట్టేసే బదులు పొద్దున్నే ఆ కుర్చీ వేసుకుని ఉంటే? ఆ మాట ఇప్పటిదాకా దానితో అనలేదు.

వంటింట్లోకి వెళ్లి వేడిగా అన్నం పెడదామని బియ్యం కొలవబోయాను. వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మధ్యాహ్నందే ఉంది కదమ్మమ్మా. అదే పెట్టు. గ్యాస్ దండగ."