నూనె తాగిన గచ్చు

మొన్నీమధ్య మా మేడమీది గదికి రంగు వేయడానికి వచ్చిన పనివాడు, డబ్బా మూత తీయకముందే సిమెంటు గచ్చు మీద దోసెడు నీళ్లు చల్లి చూశాడు. అవి చప్పున ఇంకిపోయాయి. "మంచి గచ్చు అవ్వా, రంగు బాగా పట్టుతాది" అన్నాడు. నాకు మా పెద్ద తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా, నిజం చెబుతున్నాను, కడుపు మండింది.

ఎనభైల్లో శింగనమల దగ్గరి పల్లెలో మావి పక్కపక్క ఇళ్లు. ఇద్దరివీ సిమెంటు గచ్చులే అయినా, అక్క తన పడసాలకు, అదే ముందుగదికి, ఎర్ర రంగు వేయించుకుంది. ఎండాకాలంలో మా అత్త నా ఇంట్లో అన్నం తిని, చెయ్యి కడుక్కోగానే అక్కడికి పోయి, చాపైనా లేకుండా నున్నటి ఆ గచ్చు మీద నడుం వాల్చేది. అన్నం నా ఇంట్లో, నిద్ర ఆవిడ ఇంట్లో! ఒక్క మధ్యాహ్నమైనా అత్తను నా ఇంట్లో పడుకోబెట్టాలని పంతం పట్టాను.

మా ఆయన్ను అడిగిన రంగు డబ్బా వచ్చేదాకా గచ్చు నిగనిగలాడాలని, మా చేని చెనక్కాయలు ఆడించిన నూనెను, పెనం మీద కూడా చూసి చూసి వేసే నేను, ఏడాది పాటు ప్రతి శుక్రవారం గుడ్డతో గచ్చుకు పట్టించాను. నవ్వకండి, మీలో ఎంతమంది ఆ పని చేయలేదు? తీరా మా ఆయన డబ్బా తెస్తే, ఎవరినీ, ముఖ్యంగా అక్కను, అడగకుండా నేనే పూసేసి, రెండు రోజులకే అత్తను పిలిచి పడుకోబెట్టాను. లేచేసరికి తెల్లచీర వీపంతా ఎర్ర పెచ్చులు. అత్త వీధికి వినబడేలా నవ్వింది, నేను వంటింట్లో దూరి ఏడ్చాను.

ఆ నవ్వు విని అక్క వచ్చింది. పెచ్చు లేచినచోట నీళ్లు చల్లితే చేమాకు మీదలా జారిపోయాయి. "నూనె తాపినావు కదే పిచ్చిదానా, ఇంగ రంగు యాడ పట్టుతాది?" అంది. వానల్లేని ఏడు అది, బోరింగు దగ్గర బిందె నీళ్లకు సగం పొద్దు గడిచేది. అలాంటిది తన వంతు బిందెలు కూడా నా ఇంటికే మోసింది. రంగంతా గీకి, వేడినీళ్లలో చాకలి సోడా కలిపి, కొబ్బరిపీచుతో ఇద్దరం మూడుసార్లు తోమాం. తలుపులు తెరిచి నాలుగు రోజులు ఆరబెట్టినా, చల్లిన నీళ్లు ఇంకేదాకా ఆవిడ డబ్బా ముట్టనివ్వలేదు. మొదటి పూత టర్పెంటైను కలిపి పలుచగా, గచ్చు తాగి సందులు మూసుకునేలా వేసింది. అది ఆరాక చిక్కగా ఇంకోటి. ఇంత చేసిన మనిషిని మెచ్చుకోవాలా? ఆ మంచితనానికి ఇంకా కుళ్లుకున్నాను.

వారం తర్వాత అత్త నా గచ్చు మీద పడుకుంది. ఏమంటుందోనని గడప దగ్గరే నిలబడ్డాను. అరచేత్తో గచ్చు నిమిరి, "పెద్దదాని చెయ్యి పడితే కళ వచ్చిండాది చూడు" అని అటు తిరిగి పడుకుంది.

మేడమీది గది ఇప్పుడు ఎర్రగా మెరుస్తోంది. అందరికీ మంచాలు, కూలర్లు. ఒట్టి గచ్చు మీద వీపు ఆనించేవాళ్లెవరు? నిన్న మధ్యాహ్నం నేనే పడుకున్నాను. ఇది మాత్రం అచ్చంగా నాదే అనుకున్నాను, పనివాడు రావడానికి వారం ముందే సోడాతో తోమించి, ఆరబెట్టించింది నేనే కదా అని. ఆ పని నాకు నేర్పిందెవరో మరుక్షణమే గుర్తొచ్చింది. అనడానికి అత్త లేదు కాబట్టి, గచ్చు నిమిరి నేనే పైకి అన్నాను, పెద్దదాని చెయ్యి పడింది, అందుకే ఈ కళ అని.